ఆటల పీరియడ్ ఎవరిది?

(తిరుపతి నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం రాతప్రతి. స్టూడియోలో అతిథి, 31 ఏళ్లు జడ్పీ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన మాస్టారు.)

యాంకర్: నమస్కారం. లైన్లు అప్పుడే మోగుతున్నాయి, నేరుగా కాల్స్‌లోకి వెళ్దాం. హలో, ఎక్కడి నుంచమ్మా?

కాలర్: చంద్రగిరి నుంచి మేడం. సార్‌కు నమస్కారం. మావాడు తొమ్మిదో తరగతి. టైంటేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లున్నాయి సార్. కానీ బెల్లు కొట్టగానే లెక్కల సార్ వచ్చేస్తాడంట. అడిగితే "వచ్చే ఏడు టెన్త్ కదమ్మా" అన్నారు. మా ఆయనదీ అదే మాట. పిల్లోడు ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే మంచం దిగడు. ఏం చెయ్యమంటారు?

మాస్టారు: నమస్తే అమ్మా. స్కూల్లో గ్రౌండ్ ఉందా?

కాలర్: యాడుంది సార్. మూడంతస్తుల బిల్డింగు, కింద బండ్లు నిలుపుతారు.

మాస్టారు: 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఏమేం ఉండాలో రాసిన చోట తాగునీళ్లు, మరుగుదొడ్లతో పాటు ఆటస్థలం కూడా ఉందమ్మా. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ టీచర్ ఉండాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి మీరేదో బతిమాలి అడుగుతున్నట్టు అనుకోవద్దు. అలాగని రేపు పొద్దున్నే చట్టం చేతపట్టుకుని ఒక్కరే పోవద్దు, ఆ కోపం పిల్లోడి మీద చూపిస్తారు. మీలాంటి తల్లులు నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఒక్క పీరియడైనా వదలమనండి. గ్రౌండ్ లేకపోతే తాడాట ఆడించొచ్చు, దండీలు, సూర్య నమస్కారాలు చేయించొచ్చు. వాటికి ఒక హాలు చాలు.

కాలర్: ఆడితే మార్కులు తగ్గుతాయంటారు సార్.

మాస్టారు: ఆడితే ర్యాంకు వస్తుందని నేను మాత్రం చెప్పను. చాలామంది మాస్టర్లు అట్లా చెప్పి ఒప్పిస్తుంటారు, ఆ బేరం నాకిష్టం లేదు. మార్కుల కోసమే ఆట అన్నామనుకోండి, మార్కులు తగ్గిన రోజు మొదట ఆటనే మాన్పిస్తారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీవాడికి వారమంతా కలిపినా గంట ఉంటుందా?

కాలర్: ఉండదు సార్. అసలు వాడికి ఆటలు రావు. లావుగా ఉంటాడని ఎవరూ చేర్చుకోరు.

మాస్టారు: అసలు సంగతి ఇప్పుడు చెప్పారు. డ్రిల్లు సారంటే బాగా ఆడేవాళ్లకు విజిల్ ఊదేవాడనుకుంటారు జనం. బాగా ఆడేవాడు నేను లేకపోయినా ఆడుకుంటాడమ్మా. టీములు పంచుకునేటప్పుడు ఎవరూ పిలవక చివర్లో మిగిలిపోతాడే, ఆ పీరియడ్ వాడిది. మా బళ్లో ఒకడుండేవాడు, మీవాడి మాదిరే. కబడ్డీలో వాణ్ణి గొలుసు పట్టుకు పెట్టా. పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, రైడర్ వెనక్కి తిరిగేటప్పుడు నడుం అందుకోవాలి. పరుగుతో పెద్దగా పనిలేదు, వదలకుండా పట్టుకుంటే చాలు. మూడు వారాలు అదొక్కటే నేర్పించా. ఒకరోజు పిల్లలే టీములు పంచుకుంటూ వాణ్ణి రెండో పేరుగా పిలిచారు. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచారనుకుని.

యాంకర్: ...సార్, అమ్మకు ఇంటి దగ్గర చేయడానికి ఏమైనా?

మాస్టారు: ఫోన్ లాక్కోవద్దమ్మా, యుద్ధమవుతుంది. సాయంత్రం మీరే చెప్పులేసుకుని "రారా, కోట దాకా పోయొద్దాం" అనండి. మొదటి వారం గొణుగుతాడు. గొణగనీండి.

యాంకర్: తర్వాతి కాల్. హలో, చెప్పండి.

కాలర్: పలమనేరు సార్. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్నా, 1600 మీటర్లకు. పది రోజులుగా మోకాలి కింద, ముందరి ఎముక వెంబడి నొప్పి.

మాస్టారు: ఎక్కడ పరిగెత్తుతున్నావు నాయనా?

కాలర్: తారు రోడ్డు మీద సార్. రోజూ పది కిలోమీటర్లు.

మాస్టారు: అంతకుముందు?

కాలర్: ఏమీ లేదు సార్. నోటిఫికేషన్ వస్తుందని మొదలుపెట్టినా.

మాస్టారు: అదే తప్పు. వారం రోజులు పరుగు ఆపు, సైకిల్ తొక్కు. తర్వాత మట్టి నేల మీద రోజు మార్చి రోజు, తక్కువ దూరంతో మొదలుపెట్టి మెల్లగా పెంచు. వేలితో నొక్కితే ఒకే చోట ప్రాణం పోయేంత నొప్పి ఉంటే మాత్రం ఎముకల డాక్టర్‌కు చూపించు. ఓర్చుకుని పరిగెత్తితే ఎముక చీలుతుంది.

యాంకర్: ఇంకో లైన్లో తిరుపతి నుంచి ఒక పెద్దాయన.

కాలర్: నమస్తే మాస్టారూ. రిటైర్డ్ ఉద్యోగిని. రోజూ పొద్దున మా వీధి చివరి గ్రౌండ్లో పదిమందిమి నడుస్తాం. అదే టైంకు పిల్లకాయలు క్రికెట్టు. మొన్న బంతి మా స్నేహితుడి భుజానికి తగిలింది. పిల్లల్ని రానివ్వొద్దని నలభై సంతకాలతో అర్జీ రాశాం. ఇవ్వొచ్చంటారా?

మాస్టారు: సంతకాలు పెట్టేముందు ఆ పిల్లలతో మాట్లాడారా?

కాలర్: వాళ్లతో ఏం మాట్లాడతాం? అరుస్తారు.

మాస్టారు: మీరూ అరిచుంటారు లెండి. ఆ గ్రౌండ్ మూసేస్తే వాళ్లు మీ వీధిలో ఆడతారు, బంతి మీ కిటికీకి తగులుతుంది. ఏడు దాకా మీరు, ఏడు తర్వాత వాళ్లు అని మాట్లాడుకోండి. ఆదివారం మీరే అంపైరుగా నిలబడండి. తాతను అంపైరు చేస్తే బంతి అటువైపు కొట్టరు, నేను చూశాను.

కాలర్: (నవ్వు) నా మోకాళ్లు నిలబడనిస్తే కదా. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు నెలకోసారి ఎక్కేవాణ్ణి.

మాస్టారు: దిగేటప్పుడే మోకాలికి ఎక్కువ భారం సార్. ఈసారి ఎక్కగలిగినంత ఎక్కి, బస్సులో దిగండి. సరే, ఇంకో మాట. ఆ గ్రౌండ్లో ఆడపిల్లలు ఎంతమంది ఆడతారు?

కాలర్: ...

మాస్టారు: సార్, లైన్లో ఉన్నారా?

కాలర్: ఉన్నాను. ఒక్కరూ లేరు మాస్టారూ. మా మనవరాలే ఇంట్లో హాల్లో తాడాట ఆడుతుంది. కింది పోర్షన్ వాళ్లు తిడతారు.

మాస్టారు: 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి పతకం గెలిస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఇంటి ఆడపిల్ల గ్రౌండుకు పోతానంటే మాత్రం టైం చూస్తాం. ఆడవాళ్ల కబడ్డీ కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. మీరు నడిచే దారికి అడ్డం రాకుండా ఒక మూల గీసేయొచ్చు. నడిచే పదిమందీ ఆ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి ఇళ్లల్లో భయపడకుండా పంపిస్తారు.

కాలర్: ముగ్గుపిండి మా ఇంట్లోనే ఉంది. కొలవడానికి టేపే...

మాస్టారు: టేపు నా దగ్గరుంది. ఆదివారం ఆరున్నరకు వస్తాను.

యాంకర్: సార్, గ్రౌండ్ ఎక్కడో అడగనే లేదు మీరు. పెద్దాయనా, లైన్ కట్ చేయకండి, మా వాళ్లు అడ్రస్ తీసుకుంటారు.