ఎక్స్‌రే తర్వాత చూద్దాం, ముందు రాత్రి నిద్ర సంగతి చెప్పండి

అందరికీ నమస్కారం. మీలో కొందరి చేతుల్లో మీ పిల్లల ఎక్స్‌రే కవర్లు కనిపిస్తున్నాయి. "అడినాయిడ్స్ పెద్దవయ్యాయట, తీయించేయాలా?" ఇదే కదా టెన్షన్? ఆ కవరు కాసేపు పక్కన పెట్టండి.

అడినాయిడ్స్ అంటే ముక్కు వెనకాల, కొండనాలుకకు పైన ఉండే మెత్తని కండ. నోరు తెరిస్తే కనబడేవి టాన్సిల్స్, ఇవి కనబడవు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా చాలామంది పిల్లల్లో పెద్దగానే ఉంటాయి, తర్వాత వాటంతటవే తగ్గిపోతాయి. పెద్దగా ఉండటమే జబ్బు కాదు, గాలి దారి మూసుకుపోతేనే ఇబ్బంది. రోజూ గురక, నోరు తెరుచుకుని పడుకోవడం, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడటం, పగలంతా చిరాకు, ఇవి గమనించండి. నిద్రలో ఉన్నప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

ఇప్పుడు చెవి సంగతి. ముక్కు వెనక నుంచి చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది, పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, దాని మూతి పక్కనే ఈ అడినాయిడ్స్. అందుకే జలుబు చేసిన ప్రతిసారీ చెవి పోటు. కొందరికి నొప్పే ఉండదు, కర్ణభేరి వెనక జిగురు నీరు నిలిచి వినికిడి మందగిస్తుంది. పిలిస్తే పలకడు, టీవీ సౌండ్ పెంచుతాడు, మనమేమో మొండివాడని తిడతాం. వినబడని పిల్లాడిని తిట్టడం నాకు చాలా బాధనిపిస్తుంది. వినికిడి పరీక్ష చేయించండి. ఆ నీరు చాలామందికి మూడు నెలల్లో పోతుంది, పోకపోతే గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెడతారు.

గొంతు నొప్పి ఎక్కువసార్లు వైరస్ వల్లే, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. బ్యాక్టీరియా అని తేలి డాక్టరు రాస్తే మాత్రం కోర్సు మధ్యలో ఆపకండి. టాన్సిల్స్ తీయడానికి ఒక లెక్క ఉంది: ఏడాదిలో 7 సార్లు, లేదా రెండేళ్ళపాటు ఏటా 5, లేదా మూడేళ్ళపాటు ఏటా 3 సార్లు గట్టి ఇన్ఫెక్షన్ రావాలి. అంతకంటే తక్కువైతే సాధారణంగా వేచి చూడటమే మేలు.

ముక్కు స్ప్రే రాసిస్తే కొన్ని వారాలు వాడాలి, మూడు రోజులకే పనిచేయలేదని పారేయకండి. కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాదు, చెవి వైపు తిప్పండి. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే మందులు ఎన్ని వాడినా చెవి బాధ తిరగబెడుతూనే ఉంటుంది, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. పడుకోబెట్టి సీసా పాలు పట్టకండి.

నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టుంటే ఈ లెక్కల కోసం ఆగొద్దు, వెంటనే చూపించండి. ఎవరైనా వీడియో తీసి ఉంటే ముందుకు రండి, ఇప్పుడే చూద్దాం.