గిన్నెడు ఉప్పు అంటే ఎంత?

అందరికీ నమస్కారం.

పెళ్లయి పుణె వెళ్లిన మొదటి వేసవిలో ఆవకాయ నేనే పెడదామనుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే, "ఏముందే, నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెడు ఉప్పు. ముక్క మునిగేదాకా నూనె పొయ్యి" అంది. ఒక్క మాట వదలకుండా రాసుకుని, అలాగే కలిపాను. మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపి రుచి చూస్తే, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పన. ఐదు కేజీల కాయలు. ఆ రోజు బాగా ఏడ్చాను.

మరుసటి ఏడు వేసవికి ఊరెళ్తూ చిన్న కాటా పట్టుకెళ్లాను. అమ్మ గిన్నెతో కొలిచిన ప్రతిదీ, ముక్కల్లో పడేముందే తూచాను. అమ్మ గిన్నెడు ఉప్పు 190 గ్రాములు తూగింది. నేను వాడే ప్యాకెట్ ఉప్పు అదే గిన్నెతో కొలిస్తే 240. అమ్మది రాళ్ల ఉప్పు. ఎండలో పెట్టి కచ్చాపచ్చాగా దంచుతుంది. పలుకుల మధ్య సందులుంటాయి కాబట్టి గిన్నె నిండినా బరువు తక్కువ. పైగా అమ్మ గిన్నె అంచుకు సమంగా చేత్తో తుడిచేస్తుంది, నేను గోపురంలా పోశాను. ఇద్దరం అన్నది "గిన్నెడు ఉప్పు" అనే. ఆ మాట అన్నప్పుడు అమ్మ కళ్ల ముందున్నది ఒకటి, నా చేతిలో ఉన్నది ఇంకొకటి.

అప్పటినుంచీ వంటలు రాస్తున్నాను. ఎప్పుడు రాసినా, చదివే అమ్మాయి పక్కన నేను ఉండను అన్న సంగతి ముందు గుర్తు చేసుకుంటాను. నా కన్ను, ముక్కు, చెయ్యి చేసే పని కూడా కాగితమే చెయ్యాలి.

కొలతల తగువు మనది ఒక్కరిదే కాదు. చెంచాను చాకుతో అంచుకు సమంగా గీసి కొలవాలని ఫ్యానీ ఫార్మర్ 1896లో బోస్టన్‌లో వేసిన వంటల పుస్తకంలో పట్టుబట్టి చెప్పారు. 1951లో మీనాక్షి అమ్మాళ్ తమిళంలో 'సమైత్తుప్పార్' వేశారు. వండి చూడు అని ఆ పేరుకు అర్థం. బంధువులు ఆమెను అడిగి వంటలు రాయించుకుంటూ ఉంటే, అవి పుస్తకమయ్యాయి. అడిగేవాళ్లకు ఏం తెలియదో ఆమెకు తెలుసు కాబట్టి అంత విడమరిచి రాయగలిగారని నేను నమ్ముతాను.

ఇప్పుడు మన వంట చదివేవాళ్లు గుంటూరులోనూ ఉంటారు, కరీంనగర్‌లోనూ ఉంటారు, డాలస్‌లోనూ ఉంటారు. "కప్పు" అంటే అమెరికాలో సుమారు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. "మంచినూనె" కొందరి ఇంట్లో నువ్వుల నూనె, కొందరి ఇంట్లో పల్లీ నూనె. అందుకే బరువు రాయండి. మీ ఇంటి మాట కూడా తప్పకుండా ఉంచండి. పుంటికూర అని రాస్తే పక్కనే గోంగూర అనండి, తిరగమోత అంటే పోపేనని ఒక్కమాట చెప్పండి. మన పేరు తీసేసి అందరికీ తెలిసిన పేరు ఒక్కటే రాయమంటే మాత్రం నేను ఒప్పుకోను.

"తగినంత" అన్న మాట మీద నాకు కోపం లేదు. ఉప్పు, పులుపు ఎవరి నాలుకను బట్టి వాళ్లకే తెలియాలి. కానీ కొత్తవాళ్లు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. "అర చెంచా వేసి, రుచి చూసి పెంచుకోండి" అంటే వాళ్లకు టెన్షన్ ఉండదు.

నిమిషాల కన్నా నాకు గుర్తుల మీద నమ్మకం ఎక్కువ. "మూడు విజిల్స్" అంటాం. కుక్కర్ సైజు, మంట, పప్పు ఎంత పాతది, వీటిని బట్టి ఆ మూడూ మారిపోతాయి. "గింజను వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి" అని రాస్తే ఏ కుక్కరైనా ఒకటే. మన భాషలో ఈ గుర్తులకు కొదవ లేదు. పచ్చివాసన పోవడం, నూనె తేలడం, ఆవాలు చిటపటమనడం, పులుసు దగ్గరపడటం. అన్నిటికన్నా పాకం చూడండి. లేతపాకం, తీగపాకం, ఉండపాకం. థర్మామీటర్ లేని వంటింట్లో పళ్లెంలో కాసిని నీళ్లు పోసి, చుక్క పాకం వేసి, వేలితో దగ్గరికి లాగి చూసేవాళ్లు. కరిగిపోకుండా మెత్తని ఉండ కడితే అరిసెలకు పాకం వచ్చినట్టు. ఇంత కచ్చితమైన మాట చేతిలో ఉంచుకుని "పాకం రాగానే దించండి" అని వదిలేస్తే బాధనిపిస్తుంది.

అరిసెల దగ్గరే ఇంకో సంగతి. "బియ్యప్పిండి" అని రాస్తే చదివినవాళ్లు కొట్లో పొడిపిండి తెచ్చుకుంటారు. కావలసింది తడిపిండి. బియ్యం రాత్రే నానబోసి, వడకట్టి, చెమ్మ ఆరకముందే ఆడించాలి. ఇది మొదటి వాక్యంలోనే ఉండాలి. పొయ్యి వెలిగించాక నానబెట్టే సంగతి తెలిస్తే ఏం లాభం?

కారణం కూడా రాయండి. ఆవకాయకు ముక్కలు గుడ్డతో తుడవాలి అంటే కొందరు మానేస్తారు. తడి మిగిలితే బూజు పడుతుందని చెబితే ఎవరూ మానరు. టెంక ఉన్న ముక్కే ఎందుకంటే, ఏడాది పొడుగునా మెత్తబడిపోకుండా నిలవాలి. మూడో రోజు ఊట దిగాక కూడా నూనె ముక్కల పైన నిలవకపోతే, ఇంకాస్త పొయ్యాలి.

రాసింది సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. ఆ వంట ఎప్పుడూ చేయని మనిషికి కాగితం ఇచ్చి, పక్కనే నోరు మెదపకుండా కూర్చుంటాను. చాలా కష్టం. కానీ ఆవిడ గరిటె ఆపి నా మొహం కేసి చూసిన ప్రతిచోటా నా కాగితంలో ఒక వాక్యం తక్కువైనట్టే. మా చెల్లెలు కొడుకు నా చింతకాయ పచ్చడి కాగితం చూసి చేస్తూ నాలుగుసార్లు ఆగాడు. నాలుగు చోట్లా వాక్యాలు చేర్చాను.

మీ కుర్చీల మీద తెల్లకాగితాలు పెట్టాం. ఈ పూట మీ ఇంట్లో కాచిన చారు ఎలా పెట్టారో దాని మీద రాయండి. ఇరవై నిమిషాలు సరిపోతాయి. రాసి పక్కవారికి ఇవ్వండి. వాళ్లకు ప్రశ్న వచ్చిన ప్రతి మాట కింద గీత పెట్టి మీకు తిరిగి ఇస్తారు. తర్వాత ఆ గీతల దగ్గర నుంచి మాట్లాడుకుందాం.