పరారైన మత్తుపదార్థాల ముఠా నాయకులు: పట్టుకోవడం ఒక ఎత్తు, రప్పించడం ఒక ఎత్తు

(తిరుపతిలో న్యాయవిద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, న్యాయవాద మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

శేషాచలం అడవుల పక్కన బతుకుతున్న మనకు అంతర్జాతీయ దొంగరవాణా కొత్త సంగతేమీ కాదు. ఎర్రచందనం కేసుల్లో రిమాండుకు వచ్చేది దుంగ మోసిన కూలీ. ఆ దుంగను సముద్రం దాటించి సొమ్ము చేసుకున్నవాడి పేరు చార్జిషీటులో ‘పరారీ’ అన్న మాట పక్కన మిగిలిపోతుంది. అలా పరారైన ఒక ప్రధాన నిందితుణ్ని 2015లో మారిషస్‌లో పట్టుకుని, ఆ ఏడాది నవంబరులో మన రాష్ట్రానికి తీసుకువచ్చారు కాబట్టి, అది అసాధ్యం కాదని ఈ ప్రాంతంవారికి తెలుసు. మత్తుపదార్థాల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు మూడు వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా టాల్క్ రాళ్ల పేరుతో వచ్చిన ఆ సరుకుకు దిగుమతిదారుగా కాగితాల మీద ఉన్న సంస్థ చిరునామా మాత్రం విజయవాడది.

ఇటువంటి వ్యాపారాన్ని నడిపే నాయకుల వేట అనగానే అందరికీ హెలికాప్టర్లు, తుపాకులు గుర్తొస్తాయి. నా దృష్టిలో ఆ వేట చాలావరకు ఫైలులోనే గెలుస్తుంది, ఫైలులోనే ఓడుతుంది.

మెక్సికోకు చెందిన రఫాయెల్ కారో కింటెరో సంగతి చూడండి. అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ అధికారి ఎన్రికే కమరేనాను 1985లో గ్వాదలహారాలో అపహరించి చంపిన కేసులో అతనికి 40 ఏళ్ల శిక్ష పడింది. అందులో 28 ఏళ్లు గడిచాక, 2013 ఆగస్టులో, కమరేనాకు దౌత్య హోదా లేదు కనుక విచారణ ఫెడరల్ కోర్టులో కాక రాష్ట్ర కోర్టులో జరగవలసిందన్న అధికారపరిధి అభ్యంతరం మీద అతణ్ని విడిచిపెట్టారు. నవంబరులో మెక్సికో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది గానీ, అప్పటికే మనిషి కంటికి కనబడకుండా పోయాడు. అమెరికా రెండు కోట్ల డాలర్ల బహుమతి ప్రకటించింది. చివరికి 2022 జులైలో, సినలోవా రాష్ట్రంలో పొదల మాటున దాక్కున్న అతణ్ని మాక్స్ అనే నౌకాదళపు కుక్క పసిగట్టింది. ఆ రోజే, ఆ పనిలో ఉన్న హెలికాప్టర్ కూలి 14 మంది నౌకాదళ సిబ్బంది చనిపోయారు. ఇంత జరిగినా పిటిషన్ల మీద పిటిషన్లతో అప్పగింత ఆగుతూ వచ్చి, 2025 ఫిబ్రవరిలో గానీ అతణ్ని మరో 28 మందితో కలిపి అమెరికాకు పంపలేకపోయారు. అదీ అప్పగింత ప్రక్రియ ద్వారా కాదు, జాతీయ భద్రత పేరిట ప్రభుత్వం తీసుకున్న నిర్ణయంతో. ఆ అడ్డదారి ఎంత త్వరగా ఫలించినా, న్యాయవాదిగా నాకు రుచించదు.

‘రెడ్ కార్నర్ నోటీసు జారీ’ అన్న వార్త చదివి సగం పని అయిపోయిందనుకుంటాం. అది పరారైన మనిషిని వెతికి అదుపులోకి తీసుకోవడానికి సాయం చేయమని, దేశాల పోలీసుల సహకార సంస్థ ఇంటర్‌పోల్ సభ్య దేశాలను కోరే వినతి; అరెస్టు వారంటు కాదు. లియోన్ కేంద్రంగా ఉన్న ఇంటర్‌పోల్‌కు అరెస్టు చేసే బలగం లేదు. 196 సభ్య దేశాల్లో ప్రతిదీ ఆ నోటీసుకు తన చట్టం ఒప్పుకున్నంత విలువే ఇస్తుంది. మన దేశంలో కోర్టు వారంటు చేతబట్టుకుని రాష్ట్ర పోలీసులు సీబీఐ ద్వారా ఇంటర్‌పోల్‌ను అడగాలి. అప్పగింత కోరే లేఖ మాత్రం విదేశాంగ శాఖ ద్వారా వెళ్లాలి. అందుకే ఆరితేరిన దర్యాప్తు సంస్థలు నాయకుడు ఎక్కడున్నాడన్న దానితో పాటు, ఎక్కడ దొరికితే మనకు దక్కుతాడన్నది కూడా లెక్క వేసుకుంటాయి. ఆసియాలో మత్తుపదార్థాల వ్యాపారం చేసే సామ్ గోర్ ముఠా అధినేతగా ఆస్ట్రేలియా ఆరోపించిన త్సే చి లాప్ 2021 జనవరిలో తైవాన్ నుంచి కెనడాకు వెళుతూ ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో దిగినప్పుడు డచ్ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అతణ్ని ఆస్ట్రేలియాకు పంపేసరికి 2022 డిసెంబరు వచ్చింది. ఇటలీ వెతుకుతున్న మాఫియా నాయకుడు రోకో మొరాబితో అయితే 2017లో ఉరుగ్వేలో దొరికి, అప్పగింత పూర్తికాకముందే 2019లో జైలు నుంచి తప్పించుకున్నాడు. 2021లో బ్రెజిల్‌లో మళ్లీ దొరికాడు.

ఇక మన కోర్టుల సంగతికి వస్తాను. 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మాదకద్రవ్యాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 67వ సెక్షన్ కింద అధికారులకు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని తేల్చింది. ‘సరుకు ఫలానావాడిది’ అని డ్రైవర్ చెప్పిన మాట మీద నాయకుడి కేసు నిలబెట్టే రోజులు పోయాయి. ఫోన్ రికార్డులు, బ్యాంకు లావాదేవీలు, హవాలా చిట్టాలు కావాలి. రోడ్డు పక్కన జీపు బానెట్ మీద పెట్టి రాసిన మధ్యవర్తుల నివేదికను (పంచనామాను) రేపు పోర్చుగీసులోకో అరబీలోకో అనువదించి, మన పద్ధతులు తెలియని న్యాయమూర్తి ముందు పెట్టవలసి వస్తుంది. పేర్ల దగ్గరే మొదటి తంటా. తమిళనాడు సరిహద్దున ఉన్న మన చిత్తూరు మండలాల్లో ఇంటిపేరు చోట తండ్రి పేరు పొడి అక్షరం పెట్టుకునేవారున్నారు. ఎఫ్ఐఆర్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, వారంటులో మారుపేరు ఉంటే, ‘ఆ మనిషిని నేను కాను’ అనడానికి నిందితుడి వకీలుకు అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

హామీలు ఇంకొక ముడి. ఎన్‌డీపీఎస్ చట్టం 31ఏ సెక్షన్ కొన్ని పునరావృత నేరాలకు మరణశిక్షకు వీలిస్తోంది. మరణశిక్ష లేని దేశాలు దీన్ని చూసి వెనకాడతాయి. 1962 అప్పగింత చట్టంలోని 34సి సెక్షన్ అటువంటి చోట దాన్ని యావజ్జీవంగా మారుస్తుందని మన లేఖలోనే చెప్పాలి. ఇచ్చిన మాటకు ఎంత బరువుందో ముంబయి పేలుళ్ల దోషి అబూ సలేం కేసు చూపింది: 2005లో పోర్చుగల్ నుంచి తెచ్చేటప్పుడు 25 ఏళ్లకు మించి శిక్ష ఉండదని ఇచ్చిన హామీని కేంద్రం పాటించి తీరాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నిందితుడు రాకపోయినా, పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన ‘ప్రకటిత నేరస్థుడైతే’ విచారణ సాగించే వీలును, 2024 జులై నుంచి అమలులో ఉన్న కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 356వ సెక్షన్ కల్పించింది. దాని మీద నాకు ఆశ తక్కువ, ఎందుకంటే పరోక్షంలో పడిన శిక్ష ఆధారంగా మనిషిని అప్పగించే ముందు ఐరోపా కోర్టులు పునర్విచారణకు వీలుందా అని అడుగుతాయి. విదేశాల్లోని ఆస్తిని గుర్తించి జప్తు చేయించుకునేందుకు అదే చట్టంలోని 86వ సెక్షన్ ఇచ్చిన దారే నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది. వకీళ్లకు, నకిలీ పాస్‌పోర్టులకు, కాపలాదారులకు పోసే సొమ్ము ఆగినప్పుడే ఆ నాయకుడి చుట్టూ ఉన్నవాళ్లు నోరు విప్పుతారు.

మధ్యాహ్నం మీకిచ్చే నమూనా కేసు డైరీలో నిందితుడు దుబాయ్‌లో ఉన్నాడని, సరుకు రేణిగుంట దగ్గర దొరికిందని ఊహించాం. అందులో పేరు మూడు రకాలుగా ఉంది, పట్టుబడిన సరుకు నుంచి తీసిన నమూనాల మీద మేజిస్ట్రేటు ధ్రువీకరణ లేదు. అప్పగింత లేఖ రాయడానికి ముందు ఆ రెండూ ఎలా సరిదిద్దాలో రాసి తీసుకురండి.