పాత మాసీ ట్రాక్టరుకు కొత్త మీటరు సెట్: డయల్ బంగారం, కేబుల్ మాత్రం తలనొప్పి

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ సెట్ నేను కొన్నది కాదు. స్పేర్ పార్టులు తయారుచేసే ఒకాయన వీడియో చేయమని ఫ్రీగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు. "బాగుంటే వీడియోలో చెప్పు, బాగోకపోతే నాకు ఫోన్ చేసి చెప్పు" అన్నారు. ఫోన్ చేసి చెప్పాను. మీకూ చెప్తున్నా. ఆయన పేరు మాత్రం చెప్పను. కేబుల్ మారుస్తానని మాటిచ్చారు, మార్చాక చూద్దాం.

డయల్ సైజు ఎంత, ఏయే మోడళ్లకు సరిపోతుంది, ధర ఎంత, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను మళ్ళీ చదవను. నాలుగు మీటర్లు, ఒక కేబుల్, అంతే డబ్బాలో ఉన్నది.

ఇది మా బండి. మాసీ ఫెర్గూసన్ 1035, మూడు సిలిండర్లది. నాన్న కొన్నప్పుడు నేను మడ్‌గార్డు మీద కూర్చుని బడికి వెళ్లేవాణ్ణి. ఇంజిన్ రెండుసార్లు దించాం, హైడ్రాలిక్ పంపు మార్చాం, సీటు ఎన్నిసార్లు కుట్టించామో లెక్కే లేదు. ఇన్ని చేసినా ఆర్‌పీఎం ముల్లు, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది, మాత్రం మూడేళ్లుగా సున్నా దగ్గరే పడుకుని ఉంది. చప్పుడు విని తోలడం అలవాటైపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నా తెలివితక్కువ పని ఒకటి చెప్తా, నవ్వకండి. రెండేళ్ల క్రితం ఒక మెకానిక్ "మీటరు పోయిందన్నా" అంటే, విజయవాడ ఆటోనగర్ వెళ్లి కొత్త మీటరు కొనుక్కొచ్చి బిగించా. ముల్లు కదల్లేదు. అది కూడా పాడైన మీటరే అనుకుని దుకాణం వాడితో గొడవ కూడా పెట్టుకున్నా. తర్వాత ఇంజిన్ తిరుగుడును మీటరుకు చేర్చే కేబుల్ ఊడదీస్తే లోపలి వైరు మధ్యలో తెగి రెండు ముక్కలై ఉంది. పాపం మీటరు తప్పేం లేదు.

అందుకే మీటరు కొనే ముందు ఈ పని చేయండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. మీటరు వెనక నట్టు విప్పి కేబుల్ బయటికి లాగండి. చేతులు ఫ్యాను బెల్టుకు దూరంగా పెట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయించండి. కేబుల్ చివర ఈ నాలుగు పలకల ముక్క తిరుగుతోందా? తిరుగుతుంటే కేబుల్ బాగుంది, తప్పు మీటరుదే. తిరగకపోతే ఇంజిన్ వైపు నట్టు కూడా విప్పి లోపలి వైరు మొత్తం లాగి చూడండి. తెగిందా, పలకలు అరిగి గుండ్రంగా అయిపోయాయా అన్నది కంటికే కనిపిస్తుంది. వైరు బాగానే ఉండి కూడా తిరగట్లేదంటే, ఇంజిన్ దగ్గర దాన్ని తిప్పే డ్రైవ్ అరిగిపోయినట్టు. కొన్ని పాత బండ్లలో ఈ డ్రైవ్, బ్యాటరీ చార్జ్ చేసే డైనమో వెనక నుంచి వస్తుంది. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేయించుకున్న వాళ్లు "అప్పటి నుంచే మీటరు ఆగిపోయింది" అంటారు చూడండి, అసలు సంగతి అదే. కేబుల్ తగిలించే చోటే పోయింది.

సరే, మన సెట్ సంగతికి వద్దాం. డయల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్లటి నేల, తెల్లటి అంకెలు, మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. 540 గుర్తు విడిగా ఎర్రగా వేశారు. ఈ ఒక్క గుర్తు కోసమే మార్కులు వేస్తా. మట్టిని గుల్ల చేసే రోటావేటర్ తగిలించినప్పుడు, దాన్ని తిప్పే బండి వెనకి ఇరుసు, అదే పీటీఓ, నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజిన్ ఎక్కడ నిలపాలో చెవికి తెలుస్తుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. ముల్లు పెట్టాక చూస్తే, నాకు బాగా అలవాటైన చప్పుడు దగ్గర ముల్లు ఆ గుర్తు దాటి చాలా పైకి పోయి ఉంది. అంటే మూడేళ్లుగా రోటావేటర్‌ని ఊరికే ఎక్కువ తిప్పి, డీజిలు తగలేసి, బ్లేడ్లు అరగదీశానన్నమాట.

ఇక కేబుల్. కోపం వచ్చేది ఇక్కడే.

బిగించిన మొదటి రోజు ముల్లుకు పూనకం వచ్చింది. 1000 దగ్గర పెడితే 700కీ 1400కీ మధ్య ఊగుతోంది. కీచుమని చప్పుడు కూడా. విప్పి చూస్తే రెండు తప్పులు దొరికాయి. మొదటిది, కేబుల్ పొడుగు ఎక్కువ. మిగిలిన భాగాన్ని ఎక్కడో ఒకచోట మడవాలి. గట్టిగా మడిస్తే లోపలి వైరు ఆ మలుపు దగ్గర పట్టేస్తుంది, తర్వాత ఒక్కసారి వదిలి గిర్రున తిరుగుతుంది. ముల్లు ఊగేది అందుకే. కేబుల్‌ని ఎప్పుడూ పెద్ద వంపుతో తీసుకెళ్లాలి, సైలెన్సరుకు దూరంగా. అన్నం పళ్ళెం అంచు ఉంటుంది చూడండి, వంపు అంతకంటే చిన్నది కాకూడదు. ఇది నా లెక్క.

రెండోది ఇంకా ఘోరం. లోపలి వైరు బయటికి ఎక్కువ పొడుచుకొచ్చింది. నట్టు బిగిస్తే వైరు కొన వెళ్లి మీటరు లోపల గట్టిగా తన్నుకుంటుంది. అలాగే వదిలేస్తే కొత్త మీటరు వారం తిరక్కుండానే పాడవుతుంది. దీనికి నేనేం చేశానంటే, చీపురుపుల్ల తీసి మీటరు రంధ్రంలో పెట్టి లోతు కొలిచా. వైరు కొన దానికంటే కొంచెం తక్కువ ఉండాలి. మాకు దాదాపు రెండు గింజల పొడవు ఎక్కువైంది. ఆటోనగర్‌లో కేబుళ్లు కట్టే ముసలాయన పాత వైరు కొలత చూసి, కొత్త వైరు కోసి, కొన నాలుగు పలకలుగా నొక్కి ఇచ్చారు. పంపిన కేబుల్ ఇంటికి తెచ్చి అటక మీద పడేశా.

గ్రీజు సంగతి కూడా చెప్పాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. పూసేటప్పుడు పలచగా, ఇంజిన్ వైపు నుంచి పూస్తూ రండి. మీటరు వైపు ఒక జానెడు వదిలేయండి. వైరు తిరుగుతుంటే గ్రీజు మెల్లగా పైకి పాకి మీటరులోకి పోతుంది. గాజు లోపల నల్లగా జిడ్డు పట్టిన మీటర్లు చూశారు కదా? కొన్నిసార్లు ఇంజిన్ దగ్గర సీలు పోయి, ఇంజిన్ ఆయిలే కేబుల్ వెంబడి ఎక్కి వస్తుంది. అప్పుడు మీటరు తుడిచి లాభం లేదు, సీలు మార్చాలి. వైరుని డ్రిల్లు మిషన్‌కి తగిలించి టెస్టు చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఇంజిన్ ఎటు తిప్పుతుందో అటే తిప్పాలి. వెనక్కి తిప్పితే పేనిన తీగలు విడిపోతాయి.

నాకు ఈ ఆర్‌పీఎం మీటరులో బాగా నచ్చింది గంటల లెక్క. బాడుగ లెక్క కట్టేటప్పుడు దీని మీద మా ఊళ్లో జరగని గొడవ లేదు. ఈ మీటరు గడియారం కాదు. వైరు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గంట అంటుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర సరిగ్గా గంట చూపేలా కట్టారనుకోండి, బండిని 1000 దగ్గర నడిపితే వాచీలో గంట గడిచేసరికి మీటరులో 40 నిమిషాలే కనిపిస్తుంది. 1800 మీద నడిపితే 72 నిమిషాలు. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. ఇంజిన్ ఎంత కష్టపడిందో అంతే లెక్క. నిరుడు డిజిటల్ అవర్ మీటరు పెట్టి చూశా. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో మరిచిపోయి భోజనానికి వెళ్తే, అది హాయిగా గంట వేసుకుని కూర్చుంది. ఆ వైరు తాళానికి కలిపింది నేనే, తప్పు నాదే అనుకోండి. అయినా దాని మీద మనసు విరిగింది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఆయిల్ ప్రెషర్ మీటరు బాగుంది. సన్న రాగి గొట్టం జాయింట్ సరిగ్గా బిగించండి, లేదంటే వేడి ఆయిల్ కాళ్ళ మీద పడుతుంది. ఇది సున్నా చూపిస్తే మీటరు తప్పేమో అని ఆలోచించకండి, ముందు ఇంజిన్ ఆపండి. టెంపరేచర్ మీటరుకు ఉన్న సన్నని గొట్టం పొడుగైతే కోయకండి, చుట్టి పెట్టుకోండి. కోస్తే లోపలి ద్రవం పోయి మీటరు చచ్చిపోతుంది. బిగించే ముందు ఆ గొట్టం కొసను మరిగే నీళ్లలో పెట్టా, ముల్లు 100 దగ్గరికి వచ్చింది. ఆంపియర్ మీటరు ఉంది, పనిచేస్తోంది.

కొనాలా అంటే, మీటర్లు కొనండి. కేబుల్ వద్దు, మీ పాత వైరు కొలతతో కట్టించుకోండి. కేబుల్ లేకుండా విడిగా అమ్మమని ఆయనకు చెప్పా.

ఇదిగో స్టార్ట్ చేస్తున్నా. చూడండి, ముల్లు నిలబడింది. ఊగట్లేదు. నిన్న మా పక్క చేను బాబాయి వచ్చి చూసి, "మీటరు బాగైందంట గదరా" అన్నాడు. అవును బాబాయ్ అన్నా. "ఐతే రేపు రోటావేటర్ పంపు. లెక్క మాత్రం వాచీ చూసే వేద్దాం" అన్నాడు.