మునిగిన ఓడను గాలితో లేపడం: అసలు కష్టం ఎక్కడుంది?

[దృశ్యం: గాజు తొట్టె నిండా నీళ్లు. అడుగున చిన్న స్టీలు గిన్నె బోర్లించి ఉంది. అంచుకు ఇనుప నట్లు కట్టి ఉన్నాయి. సన్నటి గొట్టం గిన్నె కిందికి వెళ్తుంది.]

ఈ గిన్నె కిందికి గొట్టంతో గాలి ఊదుతున్నాను. చూడండి, కాసేపు ఏమీ జరగదు. ఇంకా ఊదుతున్నాను. ఇప్పటికీ కదల్లేదు. ఇదిగో, ఒక్కసారిగా పైకి దూకింది! మెల్లగా లేవలేదు, దూకింది. ఆ క్రమంలో ఒక పక్కకి ఒరిగి, గాలి వదిలేసి, మళ్లీ అడుగుకే పోయింది.

మునిగిన ఓడల్ని పైకి తెచ్చేవాళ్లకు వందేళ్లుగా ఇదే టెన్షన్. లేపే బలం సంపాదించడం కష్టం కాదు. లేస్తున్న ఓడను అదుపులో పెట్టడమే కష్టం.

[స్క్రీన్ మీద అంకెలు ఒక్కొక్కటిగా]

ముందు లెక్క చూద్దాం. ఒక ఘన మీటరు సముద్రపు నీరు సుమారు 1,025 కిలోలు తూగుతుంది. అంత నీటిని తప్పించి ఆ చోట గాలి నింపితే, దాదాపు ఒక టన్నును ఎత్తే బలం వస్తుంది. స్కూల్లో చదువుకున్న ఉత్ప్లవన బలం ఇదే. 100 టన్నుల ఇనుప పడవ మునిగిందనుకోండి. ఇనుము పక్కకు తోసిన నీరు కొంత బరువు మోస్తుంది కాబట్టి, నీళ్లలో దాని బరువు సుమారు 87 టన్నులే. అంటే 85 ఘన మీటర్ల గాలి పడితే చాలు.

అయితే లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో అది ఉపరితలం మీద కంటే నాలుగు రెట్లు. అక్కడ 85 ఘన మీటర్లు నిండాలంటే పైనున్న కంప్రెసర్ 340 ఘన మీటర్ల గాలిని అణచి పంపాలి. ఈ నాలుగు రెట్లు గుర్తుంచుకోండి, కథంతా దీనితోనే.

ఆ గాలిని పట్టి ఉంచడానికి రకరకాల సాధనాలున్నాయి. కింద నోరు తెరిచి ఉండే పారాచూట్ ఆకారపు లిఫ్ట్ బ్యాగులు, అన్ని వైపులా మూసి ఉండే దిండు లాంటి బ్యాగులు, పెద్ద ఓడలకైతే పాంటూన్లు, అంటే ఇనుప ట్యాంకులు. పాంటూన్‌ను ముందు నీళ్లతో నింపి ముంచుతారు. దాన్ని ఓడకు కట్టాక గాలి కొట్టి నీళ్లు బయటికి తోస్తారు. ఓడలో గట్టి గదులుంటే వేరే సాధనం కూడా అక్కర్లేదు. రంధ్రాలు మూసి ఓడలోకే గాలి పంపుతారు.

[యానిమేషన్: బురదలో కూరుకుపోయిన ఓడ]

ఇక గిన్నె ఎందుకు దూకిందో చూద్దాం. అసలు ఓడలో దానికి మూడు కారణాలు కలుస్తాయి.

మొదటిది బురద. అడుగున నెలల తరబడి పడి ఉన్న ఓడను బురద పట్టేసుకుంటుంది. ఓడ కొంచెం లేవాలంటే దాని కింద ఏర్పడే ఖాళీలోకి నీరు వచ్చి చేరాలి. మెత్తటి బురద ఆ నీటిని రానివ్వదు. అందుకని బరువుకు సరిపడా గాలి పెట్టినా ఓడ కదలదు. కంగారుపడి ఇంకా గాలి పెడితే, పట్టు వీడిన క్షణంలో ఆ అదనపు బలమంతా ఓడను ఒక్క ఊపున పైకి నెడుతుంది.

రెండోది ఆ నాలుగు రెట్లు. ఓడ లేచేకొద్దీ చుట్టూ పీడనం తగ్గి, లోపలి గాలి ఉబ్బుతుంది. ఉబ్బిన గాలి లోపలి నీటిని మరింత బయటికి తోస్తుంది, లేపే బలం పెరుగుతుంది, ఓడ ఇంకా వేగంగా లేస్తుంది. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. లిఫ్ట్ బ్యాగు కింద నోరు తెరిచి పెట్టేది ఇందుకే. ఎక్కువైన గాలి దానంతటదే కిందనుంచి జారిపోతుంది. మూసిన బ్యాగుకైతే గాలి వదిలే వాల్వు ఉండి తీరాలి, లేదంటే పగులుతుంది.

మూడోది ఒరగడం. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. ఓడ ఒక కొస కొంచెం పైకి లేవగానే లోపలి గాలంతా ఆ కొసకు పరుగెత్తుతుంది, మిగిలిన నీళ్లన్నీ రెండో కొసకు పోతాయి. వాలు నిమిషాల్లో ప్రమాదకరంగా పెరుగుతుంది.

[దృశ్యం: స్కాట్లండ్ మ్యాప్, ఓర్క్నీ దీవులు, స్కాపా ఫ్లో]

ఈ మూడింటితో ఏళ్ల తరబడి తలపడిన మనిషి ఎర్నెస్ట్ కాక్స్. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు, పాత ఇనుము వ్యాపారి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 జూన్ 21న స్కాపా ఫ్లో అనే అఖాతంలో నిర్బంధంలో ఉన్న జర్మన్ యుద్ధనౌకల్ని, శత్రువుల చేతికి చిక్కకూడదని వాటి సిబ్బందే ముంచేశారు. 74 ఓడల్లో 52 మునిగాయి. 1924లో కాక్స్ వాటిని ఇనుము కోసం లేపడం మొదలుపెట్టాడు.

చిన్న డిస్ట్రాయర్లకు సముద్రాన్నే వాడుకున్నాడు. ఒక ఫ్లోటింగ్ డాక్‌ను (ఓడల్ని ఎత్తి బాగుచేసే తేలే కట్టడం) రెండు ముక్కలు చేసి ఓడకు అటొకటి ఇటొకటి నిలిపాడు. పాటు సమయంలో, అంటే సముద్ర మట్టం తగ్గినప్పుడు, ఓడ కిందుగా వేసిన తీగ తాళ్లను బిగించాడు. పోటు వచ్చి డాక్ పైకి లేస్తుంటే, దానితో పాటే ఓడా లేచింది. కొంచెం ఒడ్డు వైపు జరిపి, మళ్లీ పాటు కోసం కాచుకోవడం. తొలి ప్రయత్నంలో గొలుసులు తెగిపోయాకే ఉక్కు తీగ తాళ్లకు మారాడు.

తర్వాత మోల్ట్‌కే వంతు. 20 వేల టన్నులు దాటిన బాటిల్ క్రూజర్, అంటే పెద్ద యుద్ధనౌక, అదీ పూర్తిగా తలకిందులుగా పడి ఉంది. తలకిందులుగా ఉన్న ఓడ అంటే మన గిన్నే! కాక్స్ మనుషులు రంధ్రాలు మూసి గాలి పంపారు. ముందు భాగం లేచింది, కానీ విపరీతంగా ఒరిగిపోయింది. గాలంతా ఓడలో ఒక చివర నుంచి ఇంకో చివరకు పారుతోంది మరి. అప్పుడు వాళ్లు చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పాత ఉక్కు బాయిలర్లతో, లోపలి గాలి పోకుండా మనుషులు దూరగలిగే ఎయిర్‌లాక్‌లు కట్టి, ఓడ అడుగు భాగానికి బిగించి, వాటి గుండా మనుషులు లోపలికి దిగారు. అధిక పీడనంలో, తలకిందులైన గదుల్లో, చీకట్లో పని చేస్తూ ఓడను లోపలే విడి విడి భాగాలుగా మూసేశారు. ఏ భాగంలో ఎంత గాలి ఉండాలో అప్పుడు వాళ్ల చేతిలోకి వచ్చింది. 1927 జూన్‌లో మోల్ట్‌కే లేచింది. మరుసటి ఏడాది దాన్ని అలాగే తలకిందులుగా, పైన గుడిసె, కంప్రెసర్లు పెట్టుకుని, స్కాట్లండ్‌లోని రోసైత్ రేవు వరకు లాక్కెళ్లారు.

అక్కడే మునిగిన మరో జర్మన్ యుద్ధనౌక హిండెన్‌బర్గ్ నిటారుగానే మునిగింది కాబట్టి సులువనుకున్నారు. వందల రంధ్రాలు మూసి నీళ్లు తోడితే, తేలే వేళకు ఒరిగిపోయింది. 1926లో వదిలేసిన ఆ ఓడను 1930లో గానీ లేపలేకపోయారు.

[దృశ్యం: విశాఖ తెన్నేటి పార్కు తీరం]

పూర్తిగా మునగకుండా ఒడ్డెక్కి ఇరుక్కున్న ఓడల సంగతి వేరు. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ 'ఎంవీ మా' మనలో చాలామంది చూసిందే. ఇలాంటప్పుడు ఓడ బరువులో కొంత నీరు మోస్తుంది, మిగతాది నేల మోస్తుంది. ఆ నేల మోసే వాటాను తగ్గించడమే పని. ఇంధనం, సరుకు దించుతారు, పోటు కోసం చూస్తారు, పక్కలకు పాంటూన్లు కడతారు. అయితే సాయం అందేలోగా కొన్నిసార్లు ట్యాంకుల్లోకి కావాలనే నీళ్లు నింపి ఓడను నేలకు ఇంకా గట్టిగా ఆనిస్తారు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ అలా చేయకపోతే అలలు ఓడను ఇంకా లోపలికి నెట్టేస్తాయి.

[దృశ్యం: ఇటలీ, జిల్యో దీవి. పక్కకు పడిన తెల్లటి ఓడ]

ఇక కోస్టా కాంకోర్డియా అనే విహార ఓడ. 2012 జనవరి 13 రాత్రి బండను ఢీకొని, జిల్యో దీవి పక్కన ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. 290 మీటర్ల పొడవున్న ఓడ, వాలుగా ఉన్న రాతి మీద ఆగి ఉంది. అక్కడి నుంచి జారితే లోతైన సముద్రమే. అప్పట్లో అతి పెద్ద తేలే క్రేన్లు ఎత్తగలిగింది 14 వేల టన్నుల చిల్లర, ఈ ఓడ ముందు అది ఏ మూలకూ రాదు.

దక్షిణాఫ్రికాకు చెందిన సాల్వేజ్ మాస్టర్ (ఓడను లేపే పనికి నాయకుడు) నిక్ స్లోన్ ఆధ్వర్యంలో, ముందు ఓడ కింద నీటి అడుగున ఉక్కు వేదికలు కట్టారు. పైకి తేలి ఉన్న పక్కన పెద్ద ఇనుప పెట్టెలు బిగించారు. 2013 సెప్టెంబరులో ఆ పెట్టెల్లోకి నీళ్లు నింపారు. అవును, లేపే సాధనాన్నే ముందు బరువుగా వాడారు! ఆ బరువు, కేబుళ్ల లాగుడు కలిసి 19 గంటల్లో ఓడను నిటారుగా తిప్పాయి. తర్వాత రెండో పక్కన కూడా పెట్టెలు బిగించారు, మొత్తం 30. ఆ పనిలో ఒక స్పానిష్ డైవర్ ప్రాణం పోయింది.

2014 జూలై 14న పెట్టెల్లోకి గాలి పంపి నీళ్లు బయటికి తోయడం మొదలైంది. తొలిరోజు ఓడ లేచింది రెండు మీటర్లే. ఏ పెట్టెలో ఎంత నీరుందో కొలుస్తూ, కొంచెం లేపి, ఆగి, చూసి, మళ్లీ కొంచెం. జూలై 23న బయలుదేరి 27న జెనోవా రేవు చేరింది. మోల్ట్‌కేలో మనుషులు లోపల దూరి చేసిన విభజనను ఇక్కడ 30 విడి పెట్టెలు చేశాయి.

[దృశ్యం: లోతు సూచించే గీత కిందికి, ఇంకా కిందికి]

మరి టైటానిక్‌ను ఇలా ఎందుకు లేపరని చాలామంది అడుగుతుంటారు. అది 3,800 మీటర్ల లోతులో ఉంది. అక్కడ పీడనం సుమారు 380 రెట్లు. అంతగా అణిగిన గాలే బరువెక్కిపోతుంది, పైకి వస్తూ ఉబ్బడాన్ని ఏ వాల్వూ తట్టుకోలేదు. అయినా ఓడ తొడుగులోంచి సుమారు 15 టన్నుల ముక్కను మాత్రం తెచ్చారు, గాలితో కాదు, డీజిల్ నింపిన బ్యాగులతో. డీజిల్ నీటికంటే తేలిక, పైగా ద్రవం కాబట్టి లోతులో పెద్దగా అణగదు, పైకొచ్చేటప్పుడు పెద్దగా ఉబ్బదు. కాకపోతే ఒక ఘన మీటరు గాలి టన్ను ఎత్తే చోట, ఒక ఘన మీటరు డీజిల్ ఎత్తేది సుమారు 175 కిలోలే. 1996లో ఆ ముక్క దాదాపు పైదాకా వచ్చి మళ్లీ అడుగుకు పడిపోయింది. 1998లో బయటికి తేగలిగారు.