పాత ఫోటోల్లో ఎర్ర బొట్టు నల్లగా ఎందుకు ఉంటుంది?

[తెర మీద: 19వ శతాబ్దం నాటి ఒక భారతీయ స్త్రీ ఫోటో. కెమెరా మెల్లగా నుదుటి దగ్గరికి వెళుతుంది]

ఆవిడ బొట్టు చూడండి. పెట్టుకున్నది కుంకుమే. ఫోటోలో మాత్రం కటిక నలుపు. కలర్ లేని ఫోటోలో ఎరుపు ఎలాగూ కనపడదు, నిజమే. కానీ బూడిద రంగులోనైనా రావాలి కదా?

అప్పట్లో ఫిల్మ్ బదులు వాడిన ప్లేట్లకు నీలం, ఊదా కాంతి మాత్రమే బాగా అందేది. ఎరుపు వాటికి చీకటితో సమానం. అందుకే ఆ ఫోటోల్లో నీలాకాశం తెల్లగా, నీలి కళ్ళు వెలిసిపోయినట్టు ఉంటాయి. చామనఛాయ మనిషి అసలు కంటే నల్లగా పడతాడు. ముఖం మీద ఉన్న చిన్న మచ్చ కూడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కాబట్టి పాత ఫోటో చూసి ముత్తవ్వ రంగు ఇదీ అని తేల్చేయకండి.

[తెర మీద: అద్దంలా మెరిసే డాగెరోటైప్]

1839 ఆగస్టు 19న పారిస్‌లో లూయీ డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి, తర్వాత పాదరసం ఆవిరితో బొమ్మ తేల్చేవాళ్ళు. ఎంతో అందమైన బొమ్మ. అయితే ఒక్కటే వచ్చేది, దానికి కాపీ తీయడం కుదరదు.

గాజు నెగటివ్ నుంచి ఎన్ని కాపీలైనా స్పష్టంగా తీసే దారి చూపినవాడు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లండ్ శిల్పి. 1851లో తన గాజు ప్లేటు పద్ధతిని అచ్చు వేయించి, పేటెంటు తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. ఆ పద్ధతితో ఎందరో స్టూడియోలు పెట్టి బాగా సంపాదించారు. ఆయన మాత్రం 1857లో పేదరికంలోనే పోయాడు. ఈ మనిషి పేరు ఇంకా చాలామందికి తెలియాలి.

[తెర మీద: గాజు పలక, సీసా, చేతులు. దగ్గరి షాట్]

ఆ పని ఎలా జరిగేదో చూడండి. గాజు పలకను వేళ్ళ కొసలతో పట్టుకుని, మధ్యలో కొలోడియన్ పోస్తారు. అంటే ఈథర్, ఆల్కహాల్ కలిపి అందులో కరిగించిన గన్ కాటన్ (యాసిడ్‌లో నానబెట్టి తయారుచేసిన దూది). పలకను అటూ ఇటూ వంచితే అది నాలుగు మూలలకూ పాకుతుంది. మిగిలింది ఒక మూల నుంచి సీసాలోకి వంపేస్తారు. ఇక చీకటి గదిలో సిల్వర్ నైట్రేట్ తొట్టె. సుమారు మూడు నిమిషాలు ముంచి తీస్తే పలక మీద పాల మీగడ లాంటి పొర కట్టి ఉంటుంది.

అసలు టెన్షన్ ఇక్కడి నుంచే. ఆ పొర ఆరిందంటే పని చేయదు. పది, పదిహేను నిమిషాల్లో కెమెరాలో పెట్టాలి, ఫోటో తీయాలి, మళ్ళీ చీకటి గదికి వచ్చి డెవలప్ చేయాలి. ఊళ్ళు తిరిగే ఫోటోగ్రాఫర్లు అందుకే డార్క్ రూమ్‌ను గుడారంలోనో బండిలోనో వెంట తీసుకెళ్ళేవాళ్ళు. సిల్వర్ నైట్రేట్ తగిలి వాళ్ళ వేళ్ళు నల్లబడి ఉండేవి.

కూర్చున్నవాళ్ళ పరిస్థితి? గాజు పైకప్పు ఉన్న స్టూడియోలో, మంచి వెలుతురులో కూడా కొన్ని సెకన్లు కదలకూడదు. తల వెనక ఇనుప స్టాండు పెట్టి, దాని కొక్కేన్ని మెడ పైన ఆనించేవాళ్ళు. నిలబడి దిగిన ఫోటోల్లో పాదాల వెనక వెతకండి, ఆ స్టాండు అడుగు భాగం కొన్నిసార్లు దొరికిపోతుంది. అంతసేపు ఒకే నవ్వు నిలపడం కష్టం. పైగా పోర్ట్రెయిట్ అంటే హుందాగా కనపడాలన్నది అప్పటి మర్యాద.

[తెర మీద: జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన సర్ జాన్ హెర్షెల్ పోర్ట్రెయిట్, 1867]

ఈ ఫోటో దగ్గర కాసేపు ఆగుదాం. తీసింది కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్. 48 ఏళ్ళ వయసులో కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇస్తే మొదలుపెట్టారు. కోళ్ళ గూడును స్టూడియో చేసుకున్నారు, బొగ్గుల కొట్టును డార్క్ రూమ్ చేసుకున్నారు. ఆవిడ ఎక్స్‌పోజర్లు ఒక్కోసారి నిమిషాలు పట్టేవి. మనిషి కాస్త కదిలేవాడు, అంచులు మసకబారేవి. ఫోకస్ లేదని విమర్శకులు తప్పుబట్టారు. నాకైతే ఆ మసకలోనే మనిషి ఊపిరి తీస్తున్నట్టు అనిపిస్తుంది. ఇక హెర్షెల్ ఎవరనుకున్నారు? ఫోటో చెరిగిపోకుండా హైపో అనే రసాయనంతో నిలపవచ్చని 1839లోనే చూపించిన శాస్త్రవేత్త!

[తెర మీద: సికింద్రాబాద్ పాత చిత్రాలు]

1871లో రిచర్డ్ మాడాక్స్ జెలటిన్ డ్రై ప్లేటుకు దారి వేశాడు. 1880లు వచ్చేసరికి ప్లేట్లు తయారుగా దొరికేవి, తడి ఆరకముందే పరుగెత్తే బాధ పోయింది. ఆ రోజుల్లోనే రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచారు. ఎత్తైన గోడల లోపల ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. సహాయకులూ ఆడవాళ్ళే.

మీ ఇంట్లో అట్టకు అంటించిన పాత ఫోటో ఉంటే, జాగ్రత్తగా వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసి ఉండొచ్చు. ఉంటే కామెంట్లలో రాయండి.