రికార్డు సరే, పరుగుల సంగతేంటి?

[స్క్రీన్‌పై: అమెరికా బేస్‌బాల్, 2023 నేషనల్ లీగ్ పట్టిక (గెలుపులు-ఓటములు). మార్లిన్స్ 84-78, పాడ్రెస్ 82-80]

మార్లిన్స్ ప్లేఆఫ్స్‌కి, అంటే చివరి నాకౌట్ దశకి వెళ్లింది, పాడ్రెస్ ఇంటికెళ్లింది. కాబట్టి మార్లిన్సే మెరుగైన జట్టు, వాదన ముగిసింది... అనేవాళ్ల కోసమే ఈ వీడియో. ముగియలేదండీ. పక్కనున్న కాలమ్ కూడా చూడండి.

[పెద్ద అక్షరాల్లో: పాడ్రెస్ +104, మార్లిన్స్ -57]

చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేది ఇది. చేసినవాటికంటే 57 ఎక్కువ ఇచ్చుకున్న జట్టు లోపల, 104 మిగుల్చుకున్న జట్టు బయట! ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ మైనస్‌లోకి వెళ్తే మనం ఎంత గోల చేస్తాం? సన్‌రైజర్స్ ఎన్ని ఓవర్లలో కొట్టాలో దశాంశాలతో సహా చెప్పేవాళ్లే, బేస్‌బాల్ దగ్గరికొచ్చేసరికి గెలుపులు, ఓటములు చూసి సరిపెట్టుకుంటారు. ఆ మాటకొస్తే లీగ్ కూడా అంతే. రెండు జట్ల రికార్డు సమానమైతే ముందు ఆ రెండూ తలపడ్డ మ్యాచ్‌ల ఫలితమే చూస్తుంది. పరుగుల తేడా జోలికి పోదు.

సరే, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ చెప్పిన లెక్క ఇది. పాడ్రెస్ చేసినవి 752, ఇచ్చినవి 648. రెండింటినీ విడివిడిగా స్క్వేర్ చేయండి: 5,65,504, 4,19,904. మొదటిదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే 0.574. దాన్ని సీజన్ మొత్తం మ్యాచ్‌లు 162తో గుణిస్తే 93. అంటే ఆ పరుగులకి మామూలుగా రావాల్సినవి 93 గెలుపులు, వచ్చినవి 82. మార్లిన్స్‌కి అదే లెక్క, 666, 723తో వేయండి. 74 వస్తుంది. వాళ్లు గెలిచింది 84.

(స్క్వేర్ బదులు 1.83 ఘాతం వాడితే ఇంకాస్త దగ్గరగా వస్తుంది. తేడా ఒకటో రెండో గెలుపులు, దాని కోసం కొట్టుకోనక్కర్లేదు.)

మరి మార్లిన్స్‌కి ఆ పది గెలుపులు ఎటునుంచి వచ్చాయి, పాడ్రెస్‌వి పదకొండు ఎటు పోయాయి?

[స్క్రీన్‌పై: ఒక్క పరుగు తేడా మ్యాచ్‌లు. మార్లిన్స్ 33-14, పాడ్రెస్ 9-23]

ఇక్కడే ఉంది కిటుకంతా. ఈ మ్యాచ్‌లు తీసి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పాడ్రెస్ 73-57, మార్లిన్స్ 51-64. స్కోరు సమమై అదనపు ఇన్నింగ్స్‌లకి వెళ్లిన మ్యాచ్‌ల్లో పాడ్రెస్ 2-12! రెండో బేస్ మీద ఊరికే ఒక రన్నర్‌ని నిలబెట్టి ఆడించే ఆ ఇన్నింగ్స్‌ని బలానికి కొలత అనుకోవడం నాకైతే నచ్చదు.

"ఒక్క పరుగు తేడాతో గెలవడం కూడా ఒక కళే కదా" అంటారు. మంచి బుల్‌పెన్, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల దళం ఉంటే కొంత నిజం. కానీ కళయితే మర్నాడు కూడా ఉండాలి. 2012లో ఓరియోల్స్ ఇలాంటి మ్యాచ్‌ల్లో 29-9. మరుసటి ఏడాది 20-31. బంతి ఫీల్డర్ గ్లవ్‌కి రెండంగుళాలు అటు పడిందా ఇటు పడిందా అన్నదాని మీద తేలే మ్యాచ్‌లవి. 13-1 గెలుపుకీ 2-1 గెలుపుకీ రికార్డులో ఒకటే విలువ.

2024లో ఏమైంది? సోటో, స్నెల్, హేడర్ లాంటి స్టార్లు వెళ్లిపోయినా పాడ్రెస్ 93-69. మార్లిన్స్ 62-100. ఆ పతనమంతా అదృష్టం తిరగబడటమేనని అనను. వాళ్ల పిచర్ ఆల్కాంతరా సర్జరీ వల్ల ఏడాదంతా ఆడలేదు, బ్యాటర్ అరాయెజ్‌ని మే నెలలోనే వదిలేసుకున్నారు. తీసుకున్నది ఎవరు? పాడ్రెస్సే!

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

సరిగ్గా సగం మ్యాచ్‌లు గెలిచే బలమున్న జట్టు కూడా కేవలం అదృష్టం వల్ల 162 మ్యాచ్‌ల్లో 75 నుంచి 87 గెలుపుల దాకా ఎక్కడైనా తేలొచ్చు. మూడు సీజన్లలో రెండు సీజన్లు ఆ మధ్యలో ఉంటుంది, మూడోది అటో ఇటో దాన్నీ దాటిపోతుంది. అందుకే ఏప్రిల్‌లో 12-8 చూసి ఎగరొద్దు.

పరుగుల తేడాకీ లోపాలున్నాయి. 18-2 లాంటి మ్యాచ్‌లు దాన్ని ఉబ్బిస్తాయి, ఎందుకంటే చేతులెత్తేసిన జట్టు చివర్లో బ్యాటర్‌తోనే బంతులేయిస్తుంది. జులైలో జట్ల మధ్య జరిగే ఆటగాళ్ల మార్పిడి (ట్రేడ్ల) తర్వాత జట్టే మారిపోతే పాత పరుగులు పాత జట్టువి. అప్పుడు ఆగస్టు నుంచి విడిగా కూడండి.

ప్లేఆఫ్స్‌కి మాత్రం ఈ లెక్కా పెద్దగా అక్కరకు రాదు, రికార్డూ రాదు. అదే 2023లో వంద గెలుపులు దాటిన బ్రేవ్స్ 104, ఓరియోల్స్ 101, సరిగ్గా వంద గెలిచిన డాడ్జర్స్, మూడూ తమ మొదటి సిరీస్‌లోనే ఓడాయి. ఓరియోల్స్, డాడ్జర్స్ అయితే ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. డాడ్జర్స్‌ని ఊడ్చేసిన డైమండ్‌బ్యాక్స్ సంగతి? 84-78, పరుగుల తేడా మైనస్ 15. వాళ్లే ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు.